బయటి గూట్లో గిలాస

జర దగ్గరికి జరిగి కూచోండి. గొంతెత్తి చెప్పే కథ కాదు ఇది. మా వాడకట్టు పిల్లలకు, వాళ్ల పిల్లలకు ఎన్ని కథలు చెప్పానో లెక్క లేదు. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. కడుపులో రాయి పెట్టుకుని తిరిగినట్టు తిరిగాను. వండాను, తిన్నాను, బిడ్డల పెళ్లిళ్లు చేశాను, నవ్వాను కూడా. రాయి మాత్రం ఉన్నచోటే ఉంది.

ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. రాయడం నాకు అలవాటు లేదు, అక్షరాలు వంకర పోతాయి. అందుకే మిమ్మల్ని ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పినట్టే రాస్తున్నాను. కానీ ఒకసారి విన్నది మరిచిపోను. అది వరమని అందరూ అంటారు. వరమో కాదో విన్నాక మీకే తెలుస్తుంది.

అప్పుడు మేం వరంగల్ స్టేషన్‌కు దగ్గర్లో ఉండేవాళ్లం. మా ఆయనకు మిల్లులో పని. వీధివైపు తలుపున్న అర్ర ఒకటి ఖాళీగా ఉంటే అద్దెకిచ్చాం. అందులోకి వచ్చాడు సారు. పేరు చెప్పను. ఆ పేరును గుండెల్లో పెట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. మేం సారు అనేవాళ్లం, ఆయన నన్ను అక్కా అనేవాడు.

సారు పని వింతగా ఉండేది. ఆదివారం పొద్దున ఆటకు సినిమా హాల్లో ఇంగ్లీషు బొమ్మలు వచ్చేవి. రాకెట్లు, వేరే గ్రహాలు, తోకలున్న మనుషులు. చూసేవాళ్లలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఎందరు? అందుకని హాలువాళ్లు సారుకు ముందే బొమ్మ చూపించి, ఆ కథను తెలుగులో చిన్న పుస్తకంగా రాయించి, గేటు దగ్గర పాటల పుస్తకాల పక్కన పెట్టి అమ్మేవాళ్లు. వెండితెర నవల అని మీద అచ్చేసేవాళ్లు.

సారుకూ ఇంగ్లీషు అంతంతే. తెలియనిచోట సొంతంగా అల్లేవాడు. రాసే ముందు నాకు చెప్పేవాడు. నేను బియ్యం ఏరుతుంటే గడప మీద కూచుని, చేతులు తిప్పుతూ, రాకెట్ చప్పుడు నోటితోనే చేస్తూ. నేను "ఆఁ, అటెన్క?" అన్నచోటు పుస్తకంలోకి వెళ్లేది. నేను ఊ కొట్టడం మానిన చోటు అక్కడే చచ్చిపోయేది.

ప్రతి పుస్తకంలోనూ బొమ్మలో లేని మనిషి ఒకడు ఉండేవాడు. మల్లయ్య. కాజీపేట రైలింజన్ల షెడ్డులో పనిచేసి, అక్కడి నుంచి రాకెట్లోకి ఎక్కిన మెకానిక్కు. ఏ గ్రహం మీద ఏ ఆపద వచ్చినా మల్లయ్యది ఒకటే మాట: "ఎట్లన్న జేసి భూమ్మీదికి పోవాలె. అక్క పచ్చిపులుసు జేసి పెడ్తది." జనం ఆ మల్లయ్య కోసమే పుస్తకం కొనేవాళ్లు. బొమ్మలో మల్లయ్య ఎక్కడున్నాడని తెర మీద వెతికేవాళ్లు కూడా ఉన్నారట. ఆ అక్కను నేనే. నా పచ్చిపులుసే.

ఇంత చెప్పాను కదా, ఇక్కడే ఆపేస్తే ఎంత బాగుండును అనిపిస్తోంది. ఆపను.

సారుకు దగ్గు పట్టుకుంది. మొదట చలి దగ్గు అనుకున్నాం. తర్వాత దవాఖానకు పోయి వచ్చి తనే చెప్పాడు, టీబీ అని. సూదులు వేస్తున్నారని, మందు ఆపకుండా తింటే నయమవుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడని అన్నాడు. దాచిపెట్టవచ్చు కదా? దాచలేదు. ఇంట్లో పిల్లలున్నారని చెప్పాడు. ఆయన నిజం చెప్పినందుకు నేనేం చేశాను? ఒక సత్తు గిలాస విడిగా తీశాను. బయటి గోడకు దీపం పెట్టే గూడు ఉండేది. అందులో పెట్టాను. సారు దాంతోనే తాగాలి, తనే కడుక్కుని అక్కడే పెట్టాలి. పిల్లలు దాన్ని ముట్టుకుంటే వీపు పగులుతుందని చెప్పాను.

సారు ఆ గిలాసను చూసి నవ్వాడు. "చందమామ మీదికి పోయొచ్చినోళ్లను సుత రోగం తెచ్చిన్రేమోనని అద్దాల అర్రల పెట్టిన్రట అక్కా. బువ్వ మాత్రం బంద్ చేయలె" అన్నాడు. నేనూ నవ్వాను. కొన్నాళ్లు బువ్వ పెట్టాను. గడప అవతల, వంగి, ముందుకు నెట్టి.

ఆ ఏడు బతుకమ్మ పండుగకు ఆడబిడ్డలు పిల్లల్ని తీసుకుని వస్తామని కబురు చేశారు. టీబీ మనిషి ఇంట్లో ఉన్నాడని తెలిస్తే వాళ్లు ఏమంటారో నాకు తెలుసు. మా చిన్నదానికి అప్పుడే కాస్త ఒళ్లు వెచ్చబడింది. నా భయం అబద్ధం కాదు. అయితే భయపడినవాళ్లందరూ నేను చేసింది చేస్తారా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో! జవాబు ప్రతిసారీ వేరేగా వస్తుంది, అందుకే ఏదీ నమ్మను.

ఆ సాయంత్రం సారు గడప మీద లేడు, వీధిలో నిలబడి ఉన్నాడు. దగ్గు మొదలయ్యాక అంత దూరంలో నిలబడే మాట్లాడేవాడు.

"సారూ, పండుగకు ఆడబిడ్డలొస్తాండ్రు. సంటిపిల్లలతోని. అర్ర ఖాళీ చేయాలె" అన్నాను.

"పండుగైనంక మల్ల రావొచ్చా అక్కా?"

"మల్లెందుకు? మీ సొంత అక్క డోర్నకల్ల ఉన్నది గద. బావ రైల్వేల నౌకరి. ఆడ్నే ఉండరాదు, మంచిగ సూసుకుంటరు."

"వాళ్లకు బదిలీ అయినట్టున్నదక్కా. ఉత్తరం రాస్తే జవాబు రాలె."

"పోయి చూస్తే తెలుస్తది గద."

ఆ మాట నాదే. ఇన్నేళ్లలో ఆ మాటను ఎన్ని రకాలుగా తిప్పి చూశానో. కొంచెం మెత్తగా అన్నానేమో అని, నవ్వుతూ అన్నానేమో అని. లేదు. నా జ్ఞాపకం మంచిదని చెప్పాను కదా. ఎట్లా అన్నానో అట్లాగే వినిపిస్తుంది.

సారు, "అంతే గద. ఫికర్ చేయకక్కా, పొద్దుగాల బండికి పోత" అన్నాడు.

పొద్దున నేను లోపల పండుగకని రొట్టె, బెల్లం నలిపి మలీద ముద్దలు కడుతున్నాను. బయట ట్రంకుపెట్టె కింద పెట్టిన చప్పుడు. కుండలో నీళ్లు ముంచిన చప్పుడు. తాగాడు. గిలాస కడిగాడు. గూట్లో పెట్టాడు, సత్తు గిలాస రాతికి తగిలి టంగుమంది. "అక్కా, పోయొస్త" అన్నాడు. నేను పలకలేదు. చేతులు బెల్లంతో జిగురుగా ఉన్నాయి, అందుకని లేవలేదు అనుకున్నాను. ఒక్క ముద్ద తీసుకెళ్లి చేతిలో పెట్టి ఉంటే ఏం పోయేది? కాసేపు నిలబడ్డాడు. తర్వాత అడుగుల చప్పుడు.

డోర్నకల్‌లో వాళ్ల అక్క లేదు. బదిలీ అయి వెళ్లిపోయారు. సారు స్టేషన్‌లోనే ఒక బల్ల మీద పడుకున్నాడు. వాన పడుతున్న రోజులు. మందు తిన్నాడో లేదో. ఆ బల్ల మీదే పోయాడు. ఆయనకింకా ముప్పై నిండలేదు.

ఆ కబురు రైలు షెడ్డువాళ్ల దగ్గర విని మాకు తెచ్చింది ఖాదర్. స్టేషన్ రోడ్డులో పుస్తకాలు అద్దెకిచ్చే చిన్న దుకాణం వాడిది. సారు పుస్తకాలు వాడి దగ్గర చినిగిపోయేదాకా తిరిగేవి. దసరా దాటాక ఒక పొద్దున గల్లీ అంతా సైకిళ్లు. ఖాదర్ ముందు, వెనక కాలేజీ పిల్లలు, మిల్లు కార్మికులు, షెడ్డులో పనిచేసేవాళ్లు. మీసాలున్న మగవాళ్లు వీధిలో నిలబడి ఏడుస్తున్నారు. నన్ను చూడగానే ఖాదర్ నా కాళ్ల మీద పడ్డాడు.

"నువ్వే గద మల్లయ్య అక్కవు! సారు పోయేటప్పుడు ఏమన్నడక్కా? ఏం తిన్నడు?"

చెప్పవచ్చు కదా, అప్పుడే? నోరు తెరిచాను. బయటికి వచ్చింది కథ. మలీద ముద్దలు కట్టిచ్చిన అన్నాను. స్టేషన్ దాకా పోయి బండి ఎక్కించిన అన్నాను. వద్దురా ఈ ఒంటితోని పోకు అంటే, మా అక్కను చూడాలని మనసైందని పోయిండు అన్నాను. బండి కదిలినంక కిటికీల నుంచి చెయ్యి ఊపిండు, పచ్చిపులుసు జేసి పెట్టు, మల్లొస్త అన్నడు అని చెప్పాను. అందరూ గొల్లుమన్నారు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు నిజమే. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అంతలో ఎవరో గూట్లో గిలాస చూశారు. ముట్టుకోవడానికి భయమై దాన్ని నేను పారేయనైనా పారేయలేదు. "గిది సారుదా అక్కా?" అంటే అవునన్నాను. "చూడుండ్రి, సారు తాగిన గిలాసను అక్క ఎట్ల దాసిపెట్టుకున్నదో" అని ఖాదర్ తన మెడలోని తువాల తీసి దాన్ని తుడిచాడు. ఎవరో బంతిపూల దండ వేశారు.

అందరూ పోయాక మా ఆయన, అంతసేపూ అరుగు మీద తల వంచుకుని కూచున్న మనిషి, ఒక్క మాట అన్నాడు. "మంచిగ జెప్పినవ్ కథ. సారు సుత గింత మంచిగ రాయలె." మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. అంతకంటే నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

తర్వాత ఏటా దసరా దాటాక వచ్చేవాళ్లు. ఆ అర్రలోనే చాపలు పరిచి కూచునేవాళ్లు. ఒకరు మల్లయ్య ముచ్చట్లు చదివేవాళ్లు. చివరికి నా కథ. ఏటేటా అది పెరిగింది. ఒక ఏడు వాన వచ్చింది, ఒక ఏడు నా కొంగుతో సారు తల తుడిచాను. ఒకసారి నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

ఒక ఏడు ఖాదర్ అడిగాడు. "అక్కా, ఒక్కసారి సారు గిలాసల నీళ్లియ్యవా?" వద్దు అనడానికి నా దగ్గర ఒకే ఒక కారణం ఉంది, అది చెప్పలేను. నీళ్లు పోసిచ్చాను. కళ్లు మూసుకుని తాగాడు. పక్కవాడికిచ్చాడు. నా పిల్లల్ని ముట్టనివ్వని గిలాస చేతి నుంచి చేతికి, నోటి నుంచి నోటికి తిరిగింది. అందరికీ పచ్చిపులుసు వడ్డిస్తున్నట్టే ఉంది వాళ్ల ముఖాల్లో ఆనందం. చివరికి నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు సుత తాగక్కా."

పైకెత్తి, పెదవులకు తగలకుండా, గొంతులో పోసుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా. సారు లేడు, ఆ రోగమూ లేదు, అయినా నా చెయ్యి దానంతట అదే పైకి లేచింది.

"చూసిన్రా," అన్నాడు ఖాదర్ అందరివైపు తిరిగి, "సారు గిలాసను అక్క ఎంగిలి సుత చేయలె."

ఆ రోజుతో కథ చెప్పడం మానాలనుకున్నాను. మానలేదు.

టీవీలొచ్చాయి. పొద్దున ఆటలు పోయాయి. వచ్చేవాళ్లు తగ్గుతూ తగ్గుతూ ఖాదర్ ఒక్కడే మిగిలాడు. చివరిసారి వచ్చినప్పుడు నిజం చెప్పేద్దామని కూచోబెట్టాను. నేను నోరు తెరిచేలోపు వాడే మొదలుపెట్టాడు. నా కథ. వాన, కొంగు, మలీద ముద్దలు, కిటికీలోంచి ఊగిన చెయ్యి, ఒక్క మాట పొల్లు పోకుండా. తన పిల్లలకూ అదే చెబుతాడట. "నువ్వు లేకుంటే సారు అనాథోలె పోయిండని కుమిలేటోళ్లమక్కా" అన్నాడు.

నేను చాయ్ పెట్టి ఇచ్చాను. వాడి మనసు విరుగుతుందని ఊరుకున్నానని చాలాకాలం చెప్పుకున్నాను. కాదు. వాడి చూపులో నేను ఇంకా అక్కగా ఉండాలని ఊరుకున్నాను.

సారు అనాథలాగే పోయాడు, ఖాదర్. నేనే పంపాను. పలకనైనా పలకలేదు.

రాసేశాను. రాయి కరగలేదు. కాకపోతే ఇప్పుడది ఎక్కడుందో నాతో పాటు మీకూ తెలుసు. అంతవరకు ఊపిరి ఆడుతోంది. నన్ను ఏమనుకుంటారో అనుకోండి, కాదనను.

ఇంతసేపు కూచుని విన్నారు. మీ ఇల్లు చల్లగుండాలి. మీ వాకిట్లో నిలబడి పోయొస్తానన్న మనిషికి లోపలి నుంచి జవాబు రావాలి. మీ గూట్లో ఎవరి గిలాసా విడిగా ఉండకూడదు.