డ్రిల్లు మాస్టారి కాలు

ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ పిల్లల్ని పరిగెత్తించిన డ్రిల్లు మాస్టారికి వీధి చివరిదాకా నడవడం గగనమైపోయింది. కాస్త దూరం వెళ్లేసరికి కుడి పిక్క పట్టేసేది. నిలబడితే తగ్గేది, నడిస్తే మళ్లీ మొదలు. బయటపడితే పరువు పోతుందని ఏదో ఒక దుకాణం ముందు ఆగి, కొనేవాడిలా సామాను చూస్తూ నిలబడేవారు. "ఈయనకి ఈ మధ్య బేరాల పిచ్చి పట్టింది" అని భార్య నవ్వేది.

ఒకరోజు ఆటసామాన్ల గదిలో బంతికి గాలి కొడుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. లెక్కల మాస్టారు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. గుండెపోటన్నారు. పూడుకుపోయిన గుండె నాళం తెరిచి స్టెంటు వేశారు.

కాస్త తేరుకున్నాక డాక్టరమ్మ వచ్చి, దుప్పటి తొలగించి పాదాలు తడిమింది. బీపీ పట్టీ చీలమండకి చుట్టింది.

"చెయ్యి ఇటుందమ్మా," అన్నారు మాస్టారు, పక్క మంచం వాడి వైద్యం తనకు చేస్తోందేమోనని.

"తెలుసండీ. చేతిలో ఉన్నంత ఒత్తిడి కాలిలో లేదు. నడిస్తే పిక్క పట్టేస్తుందా?"

ఆయన భార్య వంక చూశారు. "అప్పుడప్పుడు... వయసు కదా."

"వయసొక్కటే కాదు. కాలికి రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోతోంది. గుండెలో జరిగిందే అక్కడా జరుగుతోంది. రెండూ ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ. మీరు కాల్చే సిగరెట్లే దీన్ని పెంచుతాయి, ఇంక ముట్టుకోకండి."

"అయితే ఆ దుకాణాల దగ్గర ఆగడం..." అంటూ భార్య ఆయన కాళ్ల మీద దుప్పటి కప్పింది.

"కాలికీ స్టెంటు వేస్తారా?" అడిగారు మాస్టారు.

"ఇప్పుడే అక్కర్లేదు. మందులు వేసుకోండి. గుండె కుదుటపడ్డాక నడక మొదలుపెడదాం. పిక్క నొప్పెడితే ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. ఛాతీలో నొప్పొస్తే మాత్రం నడక మానేసి వెంటనే ఆసుపత్రికి వచ్చెయ్యాలి."

మాస్టారి బుర్ర తిరిగిపోయింది. ఆటలో ఏ పిల్లాడికి నొప్పొచ్చినా కూర్చోబెట్టడమే ఆయనకు తెలుసు. తన విషయంలో ఒక నొప్పికి ఆగి మళ్లీ నడవాలట, ఇంకో నొప్పికి పరుగున రావాలట!

కొన్నాళ్లకి బజారుదాకా వెళ్లగలిగారు. సిగరెట్లు మానేశారు, కోపం పెరిగింది. అయోమయం మాత్రం వదల్లేదు.

"ఇంతకీ నాది గుండెజబ్బా, కాలిజబ్బా?" దారిలో లెక్కల మాస్టారిని నిలదీశారు.

"రెండూ ఒకటేనంటగా!"

"ఒకటే అయితే రెండుచోట్ల ఎందుకుందయ్యా?"

అంతలో మాస్టారి పిక్క పట్టేసింది. ఇద్దరూ ఆ కాలి వంకే చూస్తూ ఆగారు. నొప్పి తగ్గాక మాస్టారు మళ్లీ నడక సాగించారు.