అద్దం లేని పటం

మొన్న బాపట్లలో మా ఇంటి తలుపులకు వార్నిష్ వేయించాను. టర్పెంటైన్ వాసన ముక్కుకు తగలగానే, చేతిలో కాఫీ చల్లారేదాకా నిలబడిపోయాను. ఆ వాసన నాకు యోహాను మాస్టారే. తెనాలిలో టర్పెంటైన్ కలిపి నూనె రంగులు వేయడం నాకు నేర్పిన మనిషి. ఊళ్ళోవాళ్ళకు మాత్రం పోయినవాళ్ళ బొమ్మలేసే యోహాను. పాస్‌పోర్టు ఫొటో తెచ్చిచ్చి, ఒంటి రంగు కాస్త తెల్లగా వేయమని, మెడలో లేని గొలుసు వేయమని అడిగేవారు. ఆయన వేసిచ్చేవారు. బతకాలి కదా.

ఆయన దగ్గర అట్ట ఊడిన పుస్తకం ఒకటుండేది. ప్యారిస్ వెళ్ళి నూనె రంగులు నేర్చుకుని, తిరిగొచ్చి తన ఊరి మనుషులనే గీసిన ఒక జపాను చిత్రకారుడి జీవితం అది. ఇంటివాళ్ళు ఇది మన పద్ధతి కాదన్నారట, బయటివాళ్ళు మా పద్ధతి నీకెందుకన్నారట. "రెంటికీ చెడ్డాడమ్మా. అయినా చివరిదాకా గీశాడు," అనేవారు మాస్టారు. తన సంగతే చెప్పుకుంటున్నారని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తూ ఆయన వేసింది ఒక్క బొమ్మే. రేపల్లెలో సుబ్బాయమ్మగారని, రిటైరైన టీచరు. పదకొండు రోజులు ఓపిగ్గా కూర్చుందావిడ. ముడతలు, కళ్ళలో విసుగు, ఉన్నవి ఉన్నట్టే వేశారు. కొడుకు అద్దం బిగిస్తానంటే ఒప్పుకోలేదు. "అద్దమేస్తే మీ మొహమే మీకు కనపడుద్దండి, అమ్మ కనపడదు," అన్నారు.

మాస్టారు మంచాన పడ్డాక ఆయన బొమ్మలతో చిన్న ప్రదర్శన పెట్టాలనుకున్నాను. ఆ ఒక్కటీ తెస్తే చాలన్నారు, మిగతావన్నీ కూటి కోసం వేసినవట. రేపల్లె వెళ్ళాను. సుబ్బాయమ్మగారు పోయి అప్పటికి పన్నెండేళ్ళు. కోడలు భక్తిగా పటం దగ్గరికి తీసుకెళ్ళింది. ప్రతి శుక్రవారం తడిగుడ్డతో మొహం తుడిచి బొట్టు పెడతామని, ఒక్క వారం కూడా తప్పలేదని చెప్పింది. నుదుట రంగు పోయి కాన్వాసు గుడ్డ పోగులు బయటపడ్డాయి. కళ్ళున్న చోట బూడిదరంగు మరక మిగిలింది. పటానికి వేసిన సన్నజాజుల దండ మాత్రం తాజాగా ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

వాళ్ళు పటం ఇవ్వడానికి ఒప్పుకోలేదని మాస్టారితో అబద్ధమాడాను.

"కళ్ళు బాగున్నాయా?"

"అలాగే ఉన్నాయండి."

ఆయన గోడవైపు ఒత్తిగిలారు. "అద్దం లేదుగా, తడిగుడ్డ పెట్టొద్దని చెప్పావా మరి?"

చెప్పానన్నాను. అదీ అబద్ధమే.

ఆ నెలలోనే మాస్టారు పోయారు. ప్రదర్శన జరగలేదు. ఆయన పుస్తకం నా దగ్గరే ఉంది. బళ్ళో పిల్లలకు డ్రాయింగు చెబుతూనే ఉన్నాను, నూనె రంగులు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. రేపల్లె బస్సు మా వీధి చివరే ఆగుతుంది. ఎక్కి వెళ్ళి ఆ ఒక్క మాట చెప్పడం ఈ రోజుకీ నా వల్ల కాలేదు.

ఇవాళ శుక్రవారం. ఈపాటికి తుడిచేసి ఉంటారు.