రాజన్న ఎక్కని జమ్మిచెట్టు

దయ్యం, గాలి, పూనకం అని ఎవరైనా మొదలుపెడితే అక్కణ్నించి లేచి వెళ్లిపోయే రకం నేను. గొప్పకు చెప్పడం లేదు, నా పని అలాంటిది. పదకొండేళ్లుగా ఒమన్‌లో క్రేన్ నడుపుతున్నాను. ఎంత బరువు, ఎంత ఎత్తు, ఎంత దూరం అన్నది తెలిస్తే ఏది లేస్తుందో, ఏది విరుగుతుందో క్యాబిన్‌లో అంటించిన చార్టు చెప్పేస్తుంది. చార్టులో లేనిదాన్ని నేను ఎత్తను, నమ్మను. అయినా ఇది రాస్తున్నాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఆ ఏడాది మా కంపెనీకి సమాయిల్ వైపు రోడ్డు పని దొరికింది. అక్కడ వానొస్తే తప్ప నీళ్లు కనబడని రాళ్ల ఏరును వాదీ అంటారు. దాని మీద కల్వర్టులు కడుతున్నాం. రూమ్‌లో నలుగురం. నేను, సత్తయ్య, లింగం, రాజన్న మేస్త్రి.

రాజన్నకు అరవై దగ్గర పడ్డాయి. మోకాళ్లు అరిగిపోయి, బస్సు మెట్టెక్కాలన్నా కడ్డీ పట్టుకుని ఊపిరి బిగబట్టేవాడు. కానీ ఆయన కట్టిన గోడకు గుండు వేలాడదీస్తే దారం వెంట్రుకంత కూడా అటూ ఇటూ పోదు. ఇంజనీర్లు సైతం ఆయన్ని మేస్త్రీ అనే పిలిచేవారు. ఆయన మా రూమ్ మనిషి అని చెప్పుకోవడం మాకు గర్వంగా ఉండేది.

ఆ చెట్టును కనిపెట్టింది కూడా ఆయనే. వాదీ మధ్యలో రాళ్ల దిబ్బ మీద ఒంటరిగా ఉండేది. నేను రోజూ దాని పక్కనుంచే డ్యూటీకి వెళ్తూ సర్కారు తుమ్మ అనుకున్నాను. ఒకరోజు రాజన్న బండి ఆపించి, దిగి, ఒక రెమ్మ తుంచి నా చేతిలో పెట్టాడు.

"కండ్లు పెట్టి సూడురా. తుమ్మ గాదు ఇది. మన జమ్మి."

నిజంగానే జమ్మి. దసరా నాడు మనం బంగారం అని పంచుకునే జమ్మి. అజ్ఞాతవాసానికి ముందు ఆయుధాలు దాచిన చెట్టని పెద్దలు చెప్పే జమ్మి. మన తెలంగాణ రాష్ట్ర వృక్షం. మా ఊళ్లో దసరా సాయంత్రం ఊరంతా కలిసి వెళ్లి మొక్కే చెట్టు నా నడుం ఎత్తు దాటదు. ఇక్కడిది ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందని మొదలుతో, నీడలో మా బస్సు నిలిపినా ఇంకా చోటు మిగిలేంత ఉంది. ఇంటికి ఫోటో పంపితే మా వాళ్లు నమ్మలేదు. ఏదో గుళ్లోది తీసి పంపావన్నారు.

ఒడ్డున ఖర్జూరం తోట ఉంది. తోట యజమాని సాలిం అనే పెద్దాయన. అందరూ బాబా సాలిం అంటారు. గల్ఫ్ హిందీ బాగానే మాట్లాడతాడు. ఆ చెట్టును వాళ్లు గాఫ్ అంటారని, అనుమతి లేకుండా కొమ్మ నరికితే ఊరుకోరని ఆయనే చెప్పాడు. వాళ్ల తాతల కాలంలో ఒంటెల మీద వచ్చే బాటసారులకు దూరం నుంచి కనబడే గుర్తు అదేనట. నీళ్ల తగాదాలైనా, పెళ్లి మాటలైనా దాని కిందే కూర్చుని తేల్చుకునేవారట. మేము దాన్ని మొక్కుతామని చెబితే మొదట ఆశ్చర్యపోయాడు. తర్వాత మాకు కూడా ఒక మర్యాద తెలుసన్నట్టుగా తల ఊపాడు. అప్పుడు నా ఛాతీ కొంచెం ఉబ్బిన మాట నిజం.

ఆ దసరా శుక్రవారం పడింది. సెలవే. రాజన్నకు అది గల్ఫ్‌లో చివరి దసరా. వీసా క్యాన్సిల్ చేసుకుని పది రోజుల్లో ఇంటికి పోతున్నాడు. అందుకే పూజ తీరుగా చేయాలని పట్టుబట్టాడు. స్నానాలు చేసి మధ్యాహ్నం మూడింటికి నలుగురం చెట్టు దగ్గరికి చేరాం. రాజన్న తెల్ల తువ్వాల పరిచి, తాపీ, గుండు, లెవల్ వరుసగా పెట్టి బొట్లు పెట్టాడు. ఆ తాపీతోనే ముప్పై ఏళ్లు పని చేశాడు. నా క్రేన్‌ను మోసుకురాలేను కాబట్టి నేను దాని తాళంచెవి పెట్టాను. అందరూ నవ్వారు.

తల మీద ఎండ కాస్తోంది. దూరంగా గుట్టల మీద మాత్రం ఆకాశం నల్లగా ఉంది. మేం చూశాం, పట్టించుకోలేదు.

మూడు చుట్లు తిరిగి రెమ్మలు తుంచుకుంటుంటే ఒడ్డు మీద బాబా సాలిం కనబడ్డాడు. రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు. అంత దూరం నుంచి మాట వినబడడం లేదు. రెమ్మలు తెంపుతున్నామని కోపమొచ్చిందనుకున్నాం. తప్పు చేసిన పిల్లల్లా బంగారాన్ని జేబుల్లో కుక్కుకుని, అక్కడే నిలబడి ఆయనకు దండాలు పెట్టాం. ఆయన ఇంకా గట్టిగా చేతులూపాడు. మేం ఇంకా వంగి దండాలు పెట్టాం. ఇంత తెలివితక్కువ పని మేం తప్ప ఎవరూ చేసి ఉండరు.

అప్పుడు లారీల వరసలాంటి మోత వినబడింది. వాదీ మలుపులో మట్టి రంగు నీళ్లు, వాటి ముందు రాళ్లు, దొర్లుకుంటూ వస్తున్నాయి. ఒడ్డుకు పరుగెత్తే సమయం లేదు. చెట్టే దిక్కు. నేను, సత్తయ్య, లింగం తువ్వాల పరిచిన చోటికి అవతల, మొదలు రెండుగా చీలిన చోట పట్టుకుని ఎగబాకాం. ముళ్లకు చేతులు, ముఖం, కడుపు చీరుకుపోయాయి. తిరిగి చూస్తే రాజన్న తువ్వాల ముందు కూర్చుని పనిముట్లు మూట కట్టుకుంటున్నాడు.

"కాకా, ఇడిసిపెట్టు! రా!" అని అరిచాను.

"తాపీ నిడిసి ఎట్లస్తరా?" అన్నాడు.

అంతలో నీళ్లొచ్చి మొదలును గుద్దాయి. చెట్టు అదిరింది. నేను కళ్లు మూసుకుని కొమ్మను కౌగిలించుకున్నాను. రాజన్న పోయాడనుకున్నాను. సిగ్గుపడకుండా చెబుతాను, అప్పుడు గట్టిగా ఏడ్చాను. పది రోజుల్లో ఇంటికి పోవాల్సిన మనిషిని దసరా పేరుతో మేమే చంపుకున్నామని ఏడ్చాను.

ఎంతసేపో తెలియదు. మోత కాస్త తగ్గాక పైనుంచి దగ్గు వినబడింది. తలెత్తి చూస్తే మాకంటే పైన, చెట్టుకు అవతలి వైపు పెద్ద కొమ్మ మీద రాజన్న కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు. ఒళ్లో మూట ఉంది.

చీకటి పడకముందే నీళ్లు మోకాలి లోతుకు దిగాయి. మేం ముగ్గురం జారుతూ దిగాం. రాజన్నను దించడం మా వల్ల కాలేదు. బాబా సాలిం తోట నుంచి నిచ్చెన తెచ్చాడు. అది ఆ కొమ్మకు మూరెడు తక్కువైంది. నేను నిచ్చెన ఎక్కి నా భుజాల మీద కాళ్లు పెట్టించి, అక్కణ్నించి నిచ్చెన మీదికి దించుకున్నాం.

కింద నిలబెట్టి తడిమి చూశాను. ఒంటి మీద ముల్లు గీత ఒక్కటి లేదు. ప్యాంటు పాదాల దగ్గర తప్ప తడవలేదు. ఆ నీళ్లు మొదలు మీద నా ఛాతీ ఎత్తున బురద చార వదిలి వెళ్లాయి.

"ఎట్లెక్కినవ్ కాకా?"

"నేనెక్కలేరా. కొమ్మ మీద కూసున్న, గంతే."

భయంలో ఏం చేశాడో ఆయనకే గుర్తులేదనుకున్నాం. ప్రాణం మీదికొస్తే అరిగిన మోకాళ్లు కూడా పని చేస్తాయని నేనే అందరికీ వివరించాను. జేబుల్లో నలిగిన జమ్మిని తీసి ఆయన చేతిలో పెట్టి కాళ్లు మొక్కాం. ఆయన ఒక రెమ్మ బాబా సాలిం చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలయ్ బలయ్ తీసుకున్నాడు. తర్వాతి పది రోజులూ రూమ్‌లో ఆయన్ని ఏడిపించాం. "కూసున్న, గంతే" అన్నది మాకు ఊతపదమైపోయింది. ఆయన మాతోపాటు నవ్వేవాడు కానీ మాట మాత్రం మార్చలేదు. తర్వాత విమానమెక్కి వెళ్లిపోయాడు.

నెల తర్వాత బాబా సాలిం కహ్వా, అంటే వాళ్ల కాఫీ, తాగడానికి పిలిచాడు. మాటల మధ్యలో, మేస్త్రీని చెట్టు తీసుకున్నప్పుడు మీకు భయం వేయలేదా అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. ఆయన తన ముంజేతిని మెల్లగా కిందికి వంచి, మళ్లీ పైకి లేపి చూపించాడు.

"డాలీ నీచే ఆయా. వో బైఠా. ఫిర్ ఊపర్ గయా."

కొమ్మ కిందికొచ్చింది, ఆయన కూర్చున్నాడు, మళ్లీ పైకి పోయింది. ఇంతే చెప్పాడు. గొంతులో ఆశ్చర్యం లేదు, గొప్పా లేదు. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడిగితే, మీరు చెట్టు మీదే ఉన్నారు కదా, చూసే ఉంటారనుకున్నానన్నాడు. మేం ముగ్గురం అవతలి వైపు కళ్లు మూసుకుని ఉన్నాం.

మరుసటి శుక్రవారం టేపు పట్టుకుని వెళ్లాను. ఆ కొమ్మ నేల నుంచి ఇద్దరు మనుషుల ఎత్తు పైన ఉంది. ఈ చెట్టుకు చివరి రెమ్మలు కిందికి వేలాడతాయి, నిజమే. ఇది అలాంటి కొమ్మ కాదు, నా నడుమంత లావు. అంత లావు కొమ్మ నేల దాకా వంగాలంటే ముందే విరుగుతుంది. కనీసం బెరడు పగలాలి. మొదలు దగ్గర అంగుళం అంగుళం చూశాను, చిన్న పగులు కూడా లేదు. తాడు వేసి సత్తయ్య, లింగం, నేను కలిసి వేలాడాం. కొమ్మ కదల్లేదు. రాజన్న బరువు మా ముగ్గురిలో మూడో వంతు ఉంటుందేమో.

ఆ సాయంత్రమే ఆయనకు ఫోన్ చేశాను. బాబా సాలిం చెప్పింది, నేను కొలిచింది, తాడు సంగతి, అన్నీ చెప్పాను. నేను క్షమించమని అడగబోయాను. ఇన్నేళ్ల నా చదువూ చార్టూ పక్కన పెట్టి, అసలేం జరిగింది కాకా అని అడిగాను.

"గదేందిరా," అన్నాడు, విసుగ్గా. "ఆ పొద్దే జెప్పిన గద. మీరే నవ్విన్రు."