అరవై తర్వాత చుక్క

మొన్న మా వంటింట్లో అరలు బిగించడానికి వచ్చిన మిస్త్రీ జేబులోంచి సబ్బుబిళ్లంత యంత్రం తీసి గోడకు ఆనించాడు. ఎదురుగోడ మీద ఎర్రచుక్క ఒకటి వెలిగింది. టేపు లాగలేదు, అవతలి కొస పట్టుకోమని ఎవరినీ పిలవలేదు. "సార్, మీటర్లల్ల జెప్పాల్నా, ఫీట్లల్ల జెప్పాల్నా?" అని అడిగాడు. ఏది నిజమైతే అది చెప్పమన్నాను. నడివయసు మనిషి, నాలాంటి వాళ్లను చాలామందిని చూసే ఉంటాడు. "రెండూ నిజమే సార్, బటన్ ఒత్తుడే" అని ఒత్తి చూపించాడు. మూడు మీటర్ల అయిదు సెంటీమీటర్లు కాస్తా కళ్లముందే పది అడుగుల పైన ఏదో పిసరంతగా మారిపోయింది. "పది ఫీట్లు రాసుకుంట. అటీటు ఏమన్న సందు వస్తే లప్పం వెట్టి మూసేద్దం" అన్నాడు. ఆ పిసరు కూడా రాసుకోమన్నాను. నా మొహం వంక చూసి, ముసలాయన చాదస్తం అనుకుని రాసుకున్నాడు.  సందులను లప్పం పెట్టి మూసెయ్యడం మీద నాకున్న అసహ్యం అంత తేలిగ్గా పోయేది కాదు.

కొలతల విషయంలో మా బీదర్ అంత సిగ్గులేని ఊరిని నేను చూడలేదు. పొలం ఎకరాల్లో, గుంటల్లో. అదే పొలం ఆఫీసు కాగితంలోకి వెళ్తే చదరపు మీటర్లలో. బట్టల దుకాణంలో గుడ్డ మీటర్లలో చింపుతారు, నాలుగడుగుల అవతల కూర్చున్న దర్జీ దాన్ని అంగుళాల్లో కత్తిరిస్తాడు. బంగారం తులాల్లో. జ్వరం పాత డిగ్రీల్లో. మనిషి బరువు కిలోల్లో, ఎత్తు మాత్రం అడుగుల్లో. అంటే ఒకే మనిషి నిలబడితే ఒక దేశస్థుడు, త్రాసు ఎక్కితే ఇంకో దేశస్థుడు. ఇవన్నీ చాలవన్నట్టు హైదరాబాదులో అద్దాల మేడలు లేచిన రోజుల్లో అక్కడి నుంచి కార్లేసుకుని వచ్చినవాళ్లు మాకు గజాలు నేర్పారు. గడ్డి మొలవని ఎర్రరాతి దిబ్బ ముందు నిలబడి, చేతులు నడుముకు పెట్టుకుని, "గజం ఎట్ల?" అని అడిగేవాళ్లు. నేను ఆ రోజుల్లో హైదరాబాదులోనే ఒక దినపత్రిక డెస్కులో పనిచేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి ఇంటికి వస్తుండేవాణ్ణి. జహీరాబాదు దాటగానే కిటికీలోంచి రంగు జెండాలు, సున్నం పూసిన హద్దురాళ్లు కనిపించేవి. అమ్మేటప్పుడు పెద్దగా వినిపించే కొలత, కొనేటప్పుడు చిన్నగా వినిపించే కొలత వాడుకోవడం అప్పుడే ఊరంతా నేర్చుకుంది.

మా ఇంట్లో మాత్రం ఈ తగాదా అంతకు చాలా ముందునుంచే ఉంది, నిజాయితీగా ఉంది. మా మేనత్త సంతపూర్ బడిలో లెక్కల టీచరు. ఆమె భర్త, మా మామ, వడ్రంగి మిస్త్రీ. హుల్సూర్ నుంచి ధన్నూర దాకా ఆయన బిగించిన దర్వాజాలు ఇప్పటికీ కిర్రుమనకుండా మూసుకుంటాయి. అత్తమ్మకు మీటరంటే బైబిలు తర్వాతంతటిది. బడినుంచి రిటైరయ్యేటప్పుడు శాలువా వద్దని, పది సెంటీమీటర్లకొకసారి నలుపూ తెలుపూ రంగులు వేసిన మీటరు కట్టెను ఇంటికి తెచ్చుకుంది. మామ దగ్గర మడతలు పడే ఫుటుకర్ర ఉండేది. ఆయన లోకమంతా అడుగులు, అంగుళాలు, అంగుళంలో ఎనిమిదో వంతైన సూత్‌లు. మామకు జ్వరమొచ్చి నూటరెండు అంటే అత్తమ్మ కొత్త డిగ్రీల్లోకి లెక్కేసి, "ముప్పయి తొమ్మిది గూడ లేదు, లే" అనేది.

వాళ్ల వాదన వినడానికే మేం ఆదివారం ప్రార్థన అయ్యాక నేరుగా వాళ్లింటికి వెళ్లేవాళ్లం. "మనిషికి దేవుడు పది వేళ్లిచ్చిండు మిస్త్రీ సాబ్. పన్నెండియ్యలేదు" అని అత్తమ్మ మొదలుపెట్టేది. మామ తొందరపడేవాడు కాదు. రంపం పక్కన పెట్టి, బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులను ఒక్కొక్కటే తాకుతూ, వేలికి మూడు చొప్పున పన్నెండు దాకా లెక్కపెట్టి చూపించేవాడు. "ఇగో టీచరమ్మా, ఒక్క చేతిలనే పన్నెండున్నయ్. రెండో చెయ్యి ఛాయ్ తాగనీకి." ఆ తర్వాత అసలు దెబ్బ కొట్టేవాడు. "నా ఫుటును మూడు పాళ్లు జేస్తే నాలుగు నాలుగు అంగుళాలు. నీ మీటర్ను మూడు పాళ్లు జేసి చూపియ్యి." అత్తమ్మ ముప్పయి మూడు, చుక్క, మూడు, మూడు అని చెప్పుకుంటూ పోతుంటే మామ కట్టె పట్టుకుని, "ఆగినప్పుడు జెప్పు, కోస్త" అనేవాడు. అత్తమ్మ కూడా నవ్వేది కానీ ఒప్పుకునేది కాదు. "ఆగకుంటే ఏమైంది? ఎక్కడిదాక పోతే అక్కడిదాక రాయాలె. సగంల వదిలేసుడే పాపం" అనేది. ఆ మాట నేను అప్పుడే చెవిన పెట్టుకుని ఉండాల్సింది.

మా చర్చి సంఘంలో ఎవరు పోయినా శవపేటిక చేసేది మామే, ఉచితంగా. అందువల్ల మా సమాధుల తోటలో ఎక్కడ ఎంత చోటుందో పాస్టరు అయ్యగారి కంటే ఆయనకే బాగా తెలుసు. వెనక హద్దున, నాగజెముడు కంచె పక్కన, చివరి వరసలో ఇద్దరికి సరిపోయే చోటు చూసిపెట్టుకున్నాడు. సంఘం పెద్దలు పుస్తకంలో రాసుకున్నారు కూడా. ఒకసారి మేం అక్కడ గడ్డి పీకడానికి వెళ్లినప్పుడు ఫుటుకర్ర విప్పి కొలిచి, "నాకు రెండున్నర ఫీట్లు. నీకు మూడు" అన్నాడు. "నాకెందుకు ఎక్కువ?" అంది అత్తమ్మ. "ఆ గీతల కట్టె గూడ తెచ్చుకుంటవ్ గద!" అన్నాడు. మరుసటి వానాకాలం వెళ్లకముందే ఆయన పోయాడు. ఆయన్ని ఆ రెండున్నర అడుగుల్లో పెట్టాం. పక్కన, కంచెకూ ఆయనకూ మధ్య, మూడడుగులు అత్తమ్మకు మిగిలాయి. ప్రతి ఆదివారం ఆమె ఆ మూడడుగుల్లోనే పీట వేసుకుని కూర్చునేది. తన చోటు తనకు తెలిసిన మనిషికి ఉండే నిమ్మళం ఆమె మొహంలో ఉండేది.

ఆ తర్వాత రెండేళ్లకు కంచె అవతలి పొలాన్ని హైదరాబాదు సేటు ఒకడు కొని ప్లాట్లు వేశాడు. ప్లాట్లు కొనేవాళ్లకు సమాధులు కనిపించకూడదు కాబట్టి హద్దు మీద తన ఖర్చుతోనే గోడ కట్టిస్తానని, పైగా మాకు ఇనుప గేటు కూడా పెట్టిస్తానని సంఘం పెద్దలతో అన్నాడు. పెద్దలు పొంగిపోయారు. తోట కొలతలు రాసివ్వమన్నాడు సేటు. మా పాత దస్తావేజు ఇంగ్లీషులో ఉంది. గేటు నుంచి వెనక హద్దుకు అరవై ఆరు గజాలు, అంటే నూట తొంభై ఎనిమిది అడుగులు. ఆఫీసులో అయితే మీటర్లు కావాలి. సంఘం కార్యదర్శి కాగితం పట్టుకుని, సెలవు మీద వచ్చిన నా దగ్గరికి వచ్చాడు. పత్రికలో పనిచేసేవాణ్ణి, నాకంటే బాగా ఎవరు రాస్తారు? లెక్కేశాను. అరవై మీటర్ల ముప్పయి అయిదు సెంటీమీటర్లు వచ్చింది. మా డెస్కులో ఒక నియమం ఉండేది: పాఠకుణ్ణి చుక్కలతో విసిగించకూడదు. నూటముప్పయి ఒక్క అడుగుల గోపురమైనా, నూటముప్పయి రెండు అడుగుల గోపురమైనా నలభై మీటర్లే. ఏళ్ల తరబడి అలా రాసి, దిద్ది, రాయనివాళ్లను తిట్టిన చెయ్యి అది. "అరవై మీటర్లు" అని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. కార్యదర్శి సంతకం పెట్టి సేటుకు పంపాడు. నేను బస్సెక్కి వెళ్లిపోయాను.

నెల తర్వాత వచ్చేసరికి ఎర్రరాతి గోడ లేచి ఉంది. అత్తమ్మ నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు. చేతిసంచిలో ముప్పయి మీటర్ల టేపు పెట్టుకుని తోటకు తీసుకెళ్లింది. ఒకవైపు మీటర్లు, రెండోవైపు అడుగులు ఉండే టేపు. ఇంట్లో తగాదా తెగక మామే కొన్నాడు. ఆమె మామ సమాధి అంచున వంగి సున్నా కొస నొక్కిపట్టి, "చదువు" అంది. ఇరవై రెండు అంగుళాలు అన్నాను. "తిప్పు." యాభై ఆరు సెంటీమీటర్లు. "ఎటు దిప్పినా నేను పట్టనురా" అంది. ఏడుపు లేదు, కోపం లేదు. బోర్డు మీద తప్పు లెక్క చూసినప్పటి గొంతు.

ఆ సాయంత్రమే సంఘం పెద్దల దగ్గరికి వెళ్లాం. సేటు కూడా ఏదో పనిమీద వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అత్తమ్మ దస్తావేజు నకలు బల్లమీద పెట్టి, గోడ పద్నాలుగు అంగుళాలు లోపలికి వచ్చిందని చెప్పింది. సేటు నవ్వాడు. "అమ్మా, గజాలల్ల మాట్లాడుకునేకాడ అంగుళాలేందమ్మా? నేనేమన్న కబ్జా వెట్టిన్నా? మీవోళ్లు రాసిచ్చిన కాయితం వట్టుకొనే కట్టిన." కార్యదర్శి ఆ కాగితం తీశాడు. "టీచరమ్మా, జర చూడున్రి. మీ అల్లుడే రాసిచ్చిండు."

ఆమె కళ్లద్దాలు తుడుచుకుని చదివింది. నా రాత ఆమెకు తెలుసు. అక్షరాలు దిద్దించిందే ఆమె. కాగితం నా వైపు తిప్పి, వేలు పెట్టి అడిగింది. "అరవై తర్వాత చుక్క ఏదిరా?"

"పేపర్ల చుక్కలు రాయం అత్తమ్మా" అన్నాను. నా నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

"ఇది పేపరా?"

 పెద్దల గదిలో గోడకు సేటు తగిలించిపోయిన ప్లాట్ల నక్షా వైపు చూశాను. మా హద్దు వెంట ఉన్న ప్లాట్లన్నీ ముప్పయి నలభైలు, అంటే ముప్పయి అడుగుల వెడల్పు, నలభై అడుగుల లోతు, చక్కటి లెక్కలు. దస్తావేజులోని అసలు హద్దు ప్రకారం కడితే అవి ముప్పయి ఎనిమిది అడుగుల పది అంగుళాల లోతు వచ్చేవి. ముప్పయి నలభై అని బోర్డు మీద రాసుకోవడానికి సరిగ్గా ఎంత తక్కువైందో అంతే నేను వదిలేశాను. వాడి ఇంజినీరు గమనించలేదంటే నమ్మను. కానీ వాడికి దొంగతనం చేయాల్సిన అవసరం కూడా లేకుండా చేసింది నేనే. వాడి మీద పుట్టిన రోత ఎక్కడా నిలవలేక తిరిగి తిరిగి నా చేతి మీదే వచ్చి వాలింది.

పెద్దలకు గేటు నచ్చింది. గోడ పగలగొట్టమని అడగడానికి వాళ్లకు నోరు రాలేదు. "పద్నాలుగు అంగుళాల కోసం పరేషాన్ ఎందుకక్కా? మిస్త్రీ సాబ్ గోరినే తెరిచి మీద పెడుదం, పట్నంల గట్లనే చేస్తున్రు" అన్నాడు ఒక పెద్దమనిషి ఓదార్పుగా. అత్తమ్మ లేచి నిలబడింది. "ఆయన నిద్ర చెడగొడ్తరా? ఉన్నన్ని రోజులు పక్కపక్కకు కూసొని కొట్లాడినం. మీద పండుకోనీకి కాదు నేనడిగేది, పక్కకు." అని కొంగు సర్దుకుని బయటికి నడిచింది. నేను ఆ రాత్రికే 'సవరణ' అని పైన గీత గీసి, అరవై మీటర్ల ముప్పయి అయిదు సెంటీమీటర్లు అని చదవాలంటూ ఇంకో కాగితం రాసిచ్చాను. పత్రికల్లో సవరణ ఏ మూల వేస్తారో తెలిసినవాణ్ణి. అది ఫైల్లో చేరింది. అక్కడే ఉంది.

దారిలో నేను, "మీటర్లు గాకుండ గజాలల్లనే రాసిస్తే అయిపోయేది అత్తమ్మా" అన్నాను. నా తప్పును కొలత మీదికి తోద్దామని చూశాను. ఆమె ఆగింది. "మీ మామ ఉంటే ఆ మాట విని సంబరపడుతుండె. కానీ మీటర్‌ది తప్పు గాదు, ఫుటుది తప్పు గాదు. రెండూ తిన్నగనే ఉన్నయ్." అంతే. ఆ తర్వాత ఆరేళ్లు బతికింది, ఆరేళ్లూ నాకు అన్నం పెట్టింది, ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. ఆదివారాలు తోటకు వెళ్లినప్పుడు మాత్రం ఆ ఇరవై రెండు అంగుళాల్లో పీట పట్టక, గోడకు వీపు ఆనించి నిలబడేది. పోయేముందు టేపు నాకిచ్చింది. ఆమెను గేటు వైపు కొత్తగా తీసిన వరసలో పెట్టాం. అక్కడ చోటు చాలా ఉంది.

అరల మిస్త్రీ వెళ్లిపోయాక ఆ టేపు వెతికి తీసి తోటకు వెళ్లాను. సేటు ప్లాట్లలో సగం ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి, గోడకు అవతల తుమ్మచెట్లు లేచాయి. మామ సమాధి అంచున సున్నా కొస మీద రాయి పెట్టి, ముప్పయి మీటర్లు అయిపోయిన చోట మేకు కొట్టి, మళ్లీ మొదలుపెట్టి అత్తమ్మ దాకా కొలిచాను. నలభై ఒక్క మీటర్ల ఇరవై ఏడున్నర సెంటీమీటర్లు. తిప్పి చూశాను. నూట ముప్పయి అయిదు అడుగుల అయిదు అంగుళాలు. రెండూ కాగితం మీద రాసుకున్నాను, చుక్కతో సహా. మామ ఫుటుకూ అత్తమ్మ మీటరుకూ కాలాన్ని కొలిచే గంట మాత్రం ఒకటే, దాన్ని తిప్పి చూడటానికి రెండో వైపు లేదు. ఆమె పోయి ఎన్నాళ్లయిందని గేటు దగ్గర ఎవరో పలకరింపుగా అడిగితే, పదమూడేళ్ల ఏడు నెలల పందొమ్మిది రోజులు అని చెప్పాను.