మూత పెట్టని మా వదిన

"ఏదో ఒకరోజు ఈవిడ నా బిడ్డను కూడా విప్పి చూస్తుంది."

పాప పుట్టాక నాకు పట్టుకున్న భయాలకు అంతు లేదు. పాప పడుకుంటే ఊపిరి ఆడుతోందా అని భయం. ఏడిస్తే ఎందుకేడుస్తోందని భయం. ఏడవకపోతే ఎందుకేడవడం లేదని అంతకన్నా భయం. వాటన్నిటినీ తలదన్నే భయం మాత్రం పైన చెప్పినదే. అందులో 'ఈవిడ' అంటే మా వదిన, మావారి అక్క. మా ఇంట్లోనే పైగదిలో ఉంటుంది. ఆవిడను తలచుకోగానే ఎవరికైనా గుర్తొచ్చే గుణం ఒక్కటే: కంటపడ్డ ప్రతి వస్తువుకీ మూత తీస్తుంది. తీసిన మూత మళ్లీ పెట్టదు.

మా గోడగడియారం పళ్లచక్రాలు బయటపెట్టుకుని ఎప్పుడూ ఇకిలిస్తూ ఉంటుంది. రేడియో ఒంటిమీద నూలుపోగు లేకుండా పాడుతుంది. ఆవిడ ఫోనుకు వీపు ఉండదు, రబ్బరుబ్యాండు ఉంటుంది. వీధి తలుపు దగ్గర కాలింగ్ బెల్ మీట నొక్కితే లోపల పాత కుట్టుమిషన్ మోటారు తిరిగి, దానికి కట్టిన గరిటె పళ్లేన్ని వాయిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఇంట్లో మొగుడూపెళ్లాలు గిన్నెలు విసురుకుంటున్నారనుకుని, మళ్లీ వస్తామంటూ మెట్లు దిగిపోతారు.

"వదినా, ఆ గడియారానికి మూత పెట్టేయొచ్చుగా?" అని ఓసారి బతిమాలాను.

"మళ్లీ తియ్యాలిగా అమ్మాయ్!"

"మళ్లీ ఎందుకు తియ్యడం?"

"మూత పెట్టేస్తే లోపలేం జరుగుతోందో తెలియదుగా. అందుకు."

దీనికి జవాబు ఉండే ఉంటుంది. నాకు మాత్రం ఇప్పటికీ తట్టలేదు. పైగా నేను రసాయనశాస్త్రం చదివినదాన్ని. మంచినీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. మా దగ్గర మూతలేని సీసా అంటే పారబోయాల్సిన సీసా. అలాంటి నన్ను తెచ్చి ఈ ఇంట్లో పడేశారు.

ఆవిడకు ఒక నియమం లేకపోలేదు. ఏది విప్పినా స్క్రూలను ముందు ఒక గిన్నెలో వేస్తుంది. ఏ గిన్నె అన్నదానికి మాత్రం నియమం లేదు. ఒకనాటి ఉదయం మావారు టీలో చెంచా తిప్పుతుంటే టంగుమంది.

"అక్కా, ఇదేంటే, చక్కెరలో ఇనుముంది?"

"అమ్మయ్య, దొరికిందా! గడియారానిదిరా. మింగేశావేమోనని హడలిపోయాను. తుడిచి ఇటివ్వు."

తమ్ముడి గొంతు గురించి హడలిందో, స్క్రూ గురించి హడలిందో మావారు అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని ఆయన భయం.

ఇంట్లో ఏం పాడైనా, ఎవరు కంగారుపడినా ఆవిడ మంత్రం ఒకటే: "ముందు స్క్రూలు గిన్నెలో వేసుకో. తర్వాత కంగారుపడు." పాల గిన్నె ఒలికినా అదే మాట. నా చెవిపోగు సింకులో పడినా అదే మాట. స్క్రూలు ఎక్కడున్నాయి వదినా అంటే, "అయితే ఇంకా మంచిది, ఉత్త గిన్నె తెచ్చుకో" అనేది.

ఇంతకీ ఆవిడ ఉద్యోగం ఏమిటంటే, హ్యాకర్. పెళ్లైన కొత్తలో ఈ మాట మావారు ఎంత మామూలుగా చెప్పారంటే, కాఫీ చల్లారిందని చెప్పినట్టు చెప్పారు. పేపర్లో చదివిన హ్యాకర్లందరూ చివరికి తలకు గుడ్డ కప్పుకుని పోలీసు జీపు ఎక్కినవాళ్లే.

నా భయం పోగొడతానని ఒక ఆదివారం వదిన నన్ను హ్యాకర్ల పోటీకి, 'హ్యాకథాన్'కు లాక్కెళ్లింది. పోలీసులు వస్తే ముందు బయటపడాలని నేను గుమ్మం పక్క కుర్చీ చూసుకున్నాను. హాలు నిండా కుర్రకారు. కొందరు ఒళ్లో ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని టకటకలాడిస్తున్నారు, కొందరు నేలమీద వైర్లు చుట్టుకుని కూర్చున్నారు. పక్కనే ఉన్న గడ్డం అబ్బాయిని మెల్లగా అడిగాను.

"మీరేం కాజేస్తున్నారు బాబూ?"

"కాజేయడమా? బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే యాప్ రాస్తున్నామండీ."

అవతలి బల్ల దగ్గర ఒకమ్మాయి పూలకుండీకి వైర్లు గుచ్చుతోంది. మొక్కకు దాహమేస్తే ఫోనుకు కబురొస్తుందట.

"ఇదీ హ్యాకింగేనా అమ్మా?"

"ఇదే అసలు హ్యాకింగ్ అండీ. వాళ్లది ఉత్త టైపింగు."

"మొక్కకి సూదులు గుచ్చడం హ్యాకింగా?" అని గడ్డం అబ్బాయి లేచాడు.

వాళ్లిద్దరికీ తగువు పెట్టి నేను వదిన దగ్గరికి జారుకున్నాను. ఆవిడ పాలు పొంగితే గంట కొట్టే యంత్రం చేసింది. మూత లేదని వేరే చెప్పక్కర్లేదు. న్యాయనిర్ణేతలు స్టవ్ వెలిగించారు. పాలు పొంగాయి, పొర్లాయి, బల్ల దిగి వాళ్ల బూట్ల దాకా వెళ్లాయి. అప్పుడు గంట మోగింది.

"పొంగాక చెబుతోందేమిటండీ ఇది?"

"ముందే చెబితే ఎవరు నమ్ముతారండీ?" అంది వదిన.

ప్రోత్సాహక బహుమతి వచ్చింది. ఒక ఫ్లాస్కు. ఇంటికి చేరేలోపే దాని మూత కనపడలేదు.

దారిలో అడిగాను. "వదినా, బ్యాంకులు దోచేవాళ్లు హ్యాకర్లేనా?"

"అవును."

"ఆ గడ్డం అబ్బాయి?"

"అతనూ."

"పూలకుండీ అమ్మాయి?"

"ఆ పిల్ల చాలా మంచి హ్యాకరు."

"మరి మీరు?"

"మా కంపెనీ కంప్యూటర్లలోకి దొంగలా దూరి, ఎక్కడెక్కడ కన్నాలున్నాయో వాళ్లకే చెబుతాను. అందుకే జీతం."

దొంగ చేతికి తాళాలివ్వడం సామెతలో విన్నాను. నెలజీతం కూడా జతచేసి ఇస్తారని ఆ రోజే తెలిసింది. బయల్దేరేటప్పుడు హ్యాకింగ్ అంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. ఇల్లు చేరేసరికి అదీ పోయింది.

ఆపైన పాప పుట్టింది. పాప దోగాడే వేళకు నా సెలవు అయిపోవచ్చింది. సోమవారం చేరకపోతే నా కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతామని ల్యాబు నుంచి ఫోను. ఆ కుర్చీ కోసం నేను ఎన్ని పరీక్షలు రాశానో మావారికి తెలుసు.

"అక్క ఉందిగా. ఇంటి నుంచే పని. పాపను చూసుకుంటుంది," అన్నారు.

"మీ అక్కా? సాయంత్రం నేనొచ్చేసరికి స్క్రూలన్నీ గిన్నెలో ఉంటాయి."

"పాపకు స్క్రూలుండవే!"

"ఆవిడ వెతుకుతుంది."

ఉద్యోగం మానేయాలని దాదాపు నిశ్చయించుకున్నాను. మరునాడు హాల్లోకి వచ్చి చూస్తే, వదిన నేలమీద మోకాళ్లూ అరచేతులూ ఆనించి దోగాడుతోంది.

"ఏం పోయింది వదినా?"

"ఏం పోలేదు. నేనిప్పుడు పాపని."

నేను గోడకు చేరగిలబడ్డాను.

"నువ్వు నిలబడి ఇల్లు సర్దావు. పాప నిలబడదుగా? దూరేవాళ్ల ఎత్తులో ఉండి చూస్తేనే కన్నాలు కనిపించేది," అంటూ ఒక వైరు పట్టుకుని లాగింది. ఇస్త్రీపెట్టె బల్ల అంచుకొచ్చి ఆగింది. "ఇది ఒకటి. దీన్ని మార్చు." సోఫా కిందికి తల దూర్చి మావారి బొత్తాం ఒకటి తీసింది. "ఇది రెండోది. గొంతులో పడుతుంది." చెప్పుల దగ్గర ఆగి, ఒక చెప్పు అంచు కొరికి చూసింది. "రుచిగానే ఉంది. పైన పెట్టు."

సరిగ్గా అప్పుడే పక్కింటి రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ గారు గుమ్మంలోకి వచ్చారు. నోట్లో చెప్పున్న మనిషిని చూసి ఆయన గొంతు తగ్గించారు.

"ఏమ్మా, ఆవిడకి ఒంట్లో బాగాలేదా?"

"హ్యాకింగ్ చేస్తున్నారండీ."

"నా సర్వీసులో చాలామంది హ్యాకర్లను పట్టుకున్నానమ్మా. దోగాడేవాళ్లు మాత్రం తగల్లేదు."

"అంకుల్, కొంచెం జరగండి. మీ కాళ్లు దారికి అడ్డం," అంది వదిన కింద నుంచి. ఆయన జరిగారు. జరిగి, ఎందుకైనా మంచిదని తన చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికెళ్లారు.

ఆదివారం వదిన నా చేతిలో ఒక పెట్టె పెట్టింది. సబ్బుపెట్టెంత ఉంది. నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. దానికి మూత ఉంది! నాలుగు మూలలా స్క్రూలు బిగించి ఉన్నాయి!

"దీన్ని నీ బల్లమీద పెట్టుకో. దీని జంట పాప ఉయ్యాల కింద ఉంటుంది. పాప నవ్వినప్పుడల్లా నీ దగ్గర పచ్చదీపం వెలుగుతుంది."

"నవ్విందని దానికెలా తెలుస్తుంది?"

"కృత్రిమ మేధ," అంది ఆవిడ, ఎటో చూస్తూ.

"లోపల చూడొచ్చా?"

"వద్దు వద్దు, పాడవుతుంది!"

ఆ నోటి నుంచి ఆ మాట! నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. కానీ మూత ఉన్న వస్తువంటే నాకు భక్తి. వదినను నమ్మలేని నేను, ఆ పెట్టెను చూడగానే నమ్మేశాను. సోమవారం ఉద్యోగంలో చేరాను. ఇంట్లోంచి వస్తూ చూస్తే, వీధి తలుపు దగ్గరుండే మీట మాయమై ఉంది. మా ఇంట్లో వస్తువులు మాయమవడం వింత కాదు కాబట్టి పట్టించుకోలేదు.

పెట్టె అద్భుతంగా పనిచేసింది. పచ్చదీపం వెలిగినప్పుడల్లా నా ముఖమూ వెలిగేది. మా విభాగం పెద్దావిడ వచ్చి, "ఆ మూడో సీసా ఏమైంది?" అని అడిగితే, "నవ్విందండీ!" అని చెప్పాను. ఆవిడ సీసా వంక అనుమానంగా చూసి వెళ్లింది.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం దీపం ఆగిపోయింది. ఎంతసేపు చూసినా వెలగదు. వదినకు ఫోను చేశాను. మోగడం లేదు. మావారికి చేశాను. మీటింగులో ఉన్నారు. కాలుగాలిన పిల్లిలా బల్ల చుట్టూ తిరిగాను. పాప పడిపోయిందా? బొత్తాం మింగిందా? ఈవిడ స్క్రూలు వెతికేసిందా? చివరికి ఎందుకో ఆవిడ మంత్రమే గుర్తొచ్చింది. ల్యాబులో పింగాణీ గిన్నెలకు కొదవా? ఒకటి తెచ్చుకుని, పెట్టె స్క్రూలు ఒక్కొక్కటే విప్పి అందులో వేశాను. నాలుగోది వేసేసరికి కంగారు కాస్త తగ్గింది.

మూత తీశాను. లోపల ఒక బ్యాటరీ, ఒక బుల్లి దీపం, గోరంత చిప్పు, దానికో తీగ. మేధ లేదు. మేధ చుట్టాలు కూడా ఎవరూ లేరు. ఎక్కడో ఎవరో మీట నొక్కితే ఇక్కడ వెలగడం తప్ప దానికి ఇంకేమీ చేతకాదు. అది తెలుసుకోవడానికి నా చదువు చాలు. మరి ఇన్నాళ్లూ నవ్వుతున్నది ఎవరు?

పెద్దావిడకు చెప్పి, మూతలేని పెట్టెను అరచేతిలో పట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

తలుపు తోసి చూద్దును కదా, వదిన సోఫా అంచున కూర్చుని ఉంది. పాప ఆవిడ భుజంమీద ఆదమరిచి నిద్రపోతోంది. వదిన ఒక కాలు నేలకు తన్నిపెట్టి, రెండో కాలు తీగమీద నడిచేవాళ్లలా గాల్లో చాపింది. ఆ కాలి బొటనవేలు గది మధ్యలో పడి ఉన్న దేనికోసమో తడుముకుంటోంది. చెమటలు కారుతున్నాయి. నేను చూస్తుండగానే వేలు దానికి తగిలింది.

నా అరచేతిలో పచ్చదీపం వెలిగింది.

అది మా వీధి తలుపు మీట.

"పాప నవ్విందా వదినా?" అన్నాను.

"ష్... నిద్రపోతోంది. ఇందాక నిద్రలో నవ్వింది. నొక్కబోతే మీట జారి దొర్లిపోయింది. లేస్తే పాప లేస్తుంది. నాకిప్పటికి అందింది."

బల్లమీద ఆవిడ ఫోను నాలుగు ముక్కలుగా పడుకుని ఉంది. పక్కన గిన్నె ఉంది.

"మరి కృత్రిమ మేధ?"

ఆవిడ కాలు దించి, మడమ రుద్దుకుంది. "పెట్టానే అమ్మాయ్. ఫ్యాను తిరిగితే పాప నవ్విందంది. వీధిలో కుక్క మొరిగితే పాప నవ్విందంది. పాప నిజంగా నవ్వితే మాత్రం తుమ్మిందంది. అబద్ధాలాడే యంత్రాన్ని నీకెలా ఇస్తాను? అందుకే పీకేసి నేనే కూర్చున్నా."

"రోజంతానా?"

"పాప నవ్వుతుంటే చూడ్డమూ ఒక పనేనా? నా ఆఫీసు పని అది పడుకున్నప్పుడు చేసుకుంటున్నా."

"ఆ మాటే నాకు చెప్పొచ్చుగా! మూత ఎందుకు బిగించారు?"

"లోపల నేనున్నానని తెలిస్తే నువ్వు ఉద్యోగానికి వెళ్తావా?" అంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. గడియారంలో అరిగిన చక్రం ఏదో చూపించినట్టే చెప్పింది. "నీకు నామీద భయం. పెట్టెమీద లేదు. అందుకని పెట్టెలో దూరాను."

అప్పుడు గది చుట్టూ చూశాను. ఇకిలించే గడియారం, బట్టల్లేని రేడియో, ఆవిడ విప్పిన సామానంతా బీరువా పైకి చేరి ఉన్నాయి. నేలమీద పాపకు అందే ఎత్తులో ఒక్క స్క్రూ లేదు. ఇదంతా ఎప్పుడు జరిగిందో నేను గమనించనే లేదు.

వదిన చూపు నా చేతిలోని పెట్టెమీద పడింది. "అరె, విప్పేశావే!" అంటూ ముఖం చేటంత చేసుకుంది. ఇంతలో ఏదో గుర్తొచ్చి ఆదుర్దాగా, "స్క్రూలో?" అంది.

"గిన్నెలో వేశాను."

"అయితే ఇంక నీకు ఢోకా లేదు," అంది.

ఆ పెట్టె ఇప్పటికీ నా బల్లమీద ఉంది. మూత పెట్టలేదు. దీపం వెలిగినప్పుడల్లా అటు చివర ఎవరున్నారో నాకు తెలుసు. హ్యాకింగ్ అంటే ఏమిటని ఇప్పుడెవరైనా అడిగితే నాకు ఇంకా అయోమయమే. వీధి మీట మాత్రం తిరిగి రాలేదు. వచ్చినవాళ్లు బయట నిలబడి కేకలేస్తారు. పాప అది విని నవ్వుతుంది. నా దీపం వెలుగుతుంది.

భయాలు పోయాయని అబద్ధం చెప్పను. నిన్ననే పాప ఒళ్లు వెచ్చగా ఉందనిపించి కాళ్లూచేతులూ ఆడలేదు. విప్పడానికి ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్లి ఒక ఉత్త గిన్నె తెచ్చి ముందు పెట్టుకున్నాను. ఆ తర్వాత థర్మామీటరు వెతికాను. జ్వరం లేదు, ఎండలో ఆడి వచ్చిందంతే. గిన్నె ఎందుకని మావారు అడిగితే, మా వదిన మాటే ఆయనకు అప్పజెప్పాను:

"ముందు స్క్రూలు గిన్నెలో వేసుకో. తర్వాత కంగారుపడు."