ఫ్లాంజర్ డబ్బా, గని ఫ్యాను

పోయిన ఆదివారం క్వార్టర్ మారడానికి సామాను సర్దుతుంటే, అటక మీద పాత శాలువా మూటలోంచి నా ఫ్లాంజర్ డబ్బా బయటపడింది. ఈ కాలం పిల్లలకు దాని పని ఫోనులోనే అయిపోతుంది గానీ, మా రోజుల్లో గిటారు చప్పుడును గాలిలా గిరగిరా తిప్పాలంటే అరచేతి పొడవున్న ఈ ఇనుప డబ్బాను ముందు పెట్టుకుని కాలి బొటనవేలితో నొక్కాల్సి వచ్చేది. లోపల మరిచిపోయిన బ్యాటరీ కారిపోయి చిలుము పట్టింది. పైనున్న నాలుగు నాబ్‌ల పక్కన మా వదిన గోళ్ళరంగుతో నేను పెట్టుకున్న ఎర్రచుక్కలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటిని చూసిన దగ్గర్నుంచి నాకు ఒక చోట కూర్చోబుద్ధి కాలేదు, సగం కట్టిన మూటలు అలాగే వదిలేసి ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూ ఉండిపోయాను.

నేను మొదటినుంచీ ఇంతే. నాన్న డాక్టర్ల పరీక్షలో అన్‌ఫిట్ అయ్యాక ఆయన బదులు నాకు బొగ్గు కంపెనీలో నౌకరీ వచ్చింది, నన్ను తీసుకెళ్ళి గని మీద ల్యాంపు రూములో కూర్చోబెట్టారు. లోపలికి దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం, షిఫ్టు మొదట్లో గంట, చివర్లో గంట పని, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో నా వేళ్ళు బల్ల మీద ఏదో ఒకటి వాయిస్తూనే ఉండేవి. నాలుగు అడుగుల అవతల గని ఫ్యాను, అంటే లోపలి చెడుగాలిని లాగిపారేసే ఆ పెద్ద చక్రం, రాత్రింబవళ్ళు హోరుమని తిరిగేది. మన కాలనీల్లో పుట్టిపెరిగినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, ఆ హోరు ఉన్నంతసేపూ అది మనకు వినబడదు, కాస్త తగ్గిందా, చేతిలో గిన్నె పట్టుకున్న ఆడమనిషి కూడా గిన్నె కింద పెట్టి చెవి రిక్కిస్తుంది. ఫ్యాను ఆగితే లోపలున్నవాళ్ళందరినీ పైకి రప్పించాలి, ఆ సంగతి మా కాలనీలో అన్నప్రాసన కాని పిల్లలకు తప్ప అందరికీ తెలుసు.

ఆ డబ్బా నాకు కరెంటు ప్లాంటు వాళ్ళ జ్యోతినగర్‌లో ఒక ఇంజనీరు ఇచ్చాడు. అక్కడి క్లబ్బులో పండుగలకు ఆయన పాడితే నేను గిటారు వాయించేవాణ్ణి. బదిలీ మీద పోతూ, ఇక నా వల్ల కాదు నువ్వు వాడుకొమ్మని చేతిలో పెట్టి వెళ్ళాడు. దాని అడాప్టర్ మాత్రం ఆయన సామానులో ఎక్కడో పోయింది. ఇంకొకరైతే ఏది సరిపోతుందో కనుక్కునేదాకా ఆగేవారేమో, నేను ఇంటికి రాగానే రేడియో అడాప్టర్ తీసి గుచ్చాను, కాలిన వాసన వచ్చింది. ఆ డబ్బాకు మైనస్ నడిమధ్యన ఉండాలట, రేడియోదానికి ప్లస్ మధ్యలో. రైల్వేగేటు దగ్గర టేపురికార్డర్లు బాగుచేసే చాచా దాన్ని విప్పి, మాడిన చిన్న డయోడు ఒకటి చూపించి, ఇదొక్కటి కాలి మిగతాదాన్ని కాపాడిందని చెప్పాడు. నేను పక్కన నిలబడి కాళ్ళు మార్చుకుంటుంటే, తల ఎత్తకుండానే, "గింత జల్ది ఎందుకు బేటా, సామాను యాడికి పోతది," అన్నాడు. ఆ మాట నాకు జీవితమంతా పనికొచ్చేదే, అప్పుడు మాత్రం చెవికెక్కలేదు.

అవి తెలంగాణ కోసం ఊరూరా ఆటాపాటా నడుస్తున్న రోజులు. మా మేనబావ డప్పు భుజానేసుకుని ఒక పాటల దళం నడిపేవాడు, గోలేటి నుంచి శ్రీరాంపూర్ దాకా ఏ గని ముందు ధర్నా టెంటు వేసినా మా బావ పాట ఉండాల్సిందే. ఆ దళంలో కలవాలని నాకు ప్రాణం పీకేది. నిజం చెప్పొద్దూ, ఉద్యమం మీద ప్రేమ ఎంతో, ల్యాంపు రూములోంచి బయటపడి నలుగురి ముందు నిలబడాలన్న ఆరాటం కూడా అంతే. బావకేమో గిటారంటే పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా సామాను అనే లెక్క. నేను వెంటపడి వెంటపడి ప్రాణం తీస్తే, చివరికి మా గని ముందు గ్రౌండులో జరిగే సభకు ఒక్క పాట మొదలు నాకు వదిలేస్తానని, జనానికి ఎక్కితే ఉంటావు, ఎక్కకపోతే మళ్ళీ అడగొద్దని తేల్చి చెప్పాడు.

ఇక చూడాలి నా అవస్థ. ఆ డబ్బా చేసే పని చెప్పుకుంటే తేలికే. వాయించిన చప్పుడునే రెండుగా చేసి, రెండోదాన్ని వెంట్రుకవాసి వెనక నడిపిస్తుంది, అది ఒకసారి వెనకబడుతూ ఒకసారి దగ్గరవుతూ ఉంటే రెండూ కలిసి గాలి చుట్టుకున్నట్టు వినిపిస్తుంది. ఎంత తొందరగా తిరగాలి, ఎంత లోతుకు దిగాలి, ఎంత వెనక మొదలవ్వాలి, వచ్చిన చప్పుడు మళ్ళీ ఎంత లోపలికి పోవాలి, ఇవీ నాలుగు నాబ్‌లు. తొందర పెంచితే గిటారు నీళ్ళలో మునిగి మాట్లాడినట్టు ఉండేది. నాలుగోది పెంచితే ఈల. చాచా కట్టిచ్చిన అడాప్టరుతో గుర్రుమనే శబ్దం వస్తోందని బ్యాటరీకి మారాను, ఆట అయ్యాక వైరు పీకేయకపోతే ఆ బ్యాటరీ ఊరికే దిగిపోతుందని రెండు బ్యాటరీలు పాడయ్యాక తెలిసింది. షిఫ్టు దిగి అన్నం తినీ తినకుండానే దాని ముందు కూర్చునేవాణ్ణి. ఒకనాడు ఇది బాగుందనుకున్నది మర్నాడు నచ్చేది కాదు. ఎంత తిప్పినా, నా తలలో ఎక్కడో ముందే ఉన్న ఒక చప్పుడుకు ఇది అందడం లేదనిపించేది. చివరికొక మధ్యాహ్నం తొందర బాగా తగ్గించి, లోతు పూర్తిగా పెంచేసరికి, మెల్లగా పైనుంచి దిగుతూ దిగుతూ వచ్చే ఒక హోరు పట్టుబడింది. ఇదే, నాకు కావలసింది ఇదేనని, గూట్లో ఉన్న వదిన గోళ్ళరంగు సీసా తీసి నాబ్‌ల పక్కన చుక్కలు పెట్టుకున్నాను. అది ఎక్కడి చప్పుడో నాకెందుకు స్ఫురించలేదో ఇప్పటికీ అర్థం కాదు, రోజుకు ఎనిమిది గంటలు దాని పక్కనే కూర్చునేవాణ్ణి కదా.

సభనాడు సాయంత్రం గ్రౌండు నిండింది. ముందు వరసల్లో చాపలేసుకుని ఆడవాళ్ళు, వాళ్ళలో మా వదిన. అన్న రెండో షిఫ్టులో లోపలున్నాడు, ముందున్నవాళ్ళలో సగంమందికి భర్తో కొడుకో ఆ పూట లోపలే. బావ సైగ చేశాడు. నేను డబ్బా నొక్కి, ఒక్క తీగ మీటి, కళ్ళు మూసుకున్నాను. గుంజలకు కట్టిన హార్నుల్లోంచి ఆ హోరు గ్రౌండంతా పరుచుకుని మెల్లగా దిగడం మొదలుపెట్టింది, అసలు ఫ్యాను చప్పుడు దాని కింద మునిగిపోయింది. కళ్ళు తెరిచేసరికి ముందు వరసల్లో ఆడవాళ్ళు లేచి నిలబడి ఉన్నారు. నేను వాయించింది వాళ్ళకు ఎక్కలేదనుకున్నాను. ఎక్కించి తీరాలని ఇంకా గట్టిగా వాయించాను. ఒకరి వెనక ఒకరు చాపలు, చెప్పులు వదిలేసి గని గేటు వైపు పరుగు. బావ వచ్చి తీగల మీద చెయ్యి పెట్టేశాడు.

"ఆపురా. నీ డబ్బల ఫ్యాను ఆగుతున్నది," అన్నాడు.

గిటారు అలాగే భుజానికి వేలాడుతుండగా నేనూ పరుగెత్తాను. వాచ్‌మన్‌కు ఏమీ అర్థం కాక, ఫ్యాను మంచిగనే తిరుగుతున్నదని మొత్తుకుంటున్నాడు. గ్రౌండులో హార్నులు ఆగాయి గనక ఇప్పుడు అందరికీ అసలు చప్పుడు వినబడుతూనే ఉంది, అయినా ఎవరూ కదలడం లేదు. వదిన గేటు ఊచలు రెండు చేతులతో పట్టుకుని ఉంది. నేను దగ్గరికి పోయి, ఆ చప్పుడు నాదేనని, డబ్బాదని ఎలాగో చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"దాంతోని ఆడకు తమ్మీ," అంది, నా వైపు చూడకుండానే. "మేము గా సప్పుడు మీదనే పండుకుంటం, గా సప్పుడు మీదనే లేస్తం."

వాళ్ళెవరూ తిరిగి గ్రౌండుకు రాలేదు, అటునుంచటే ఇళ్ళకు వెళ్ళిపోయారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. మర్నాడు బావ ల్యాంపు రూముకు వచ్చి, గిటారు ఉండనీ, డబ్బా మాత్రం స్టేజీ ఎక్కొద్దని మెల్లగానే చెప్పాడు. అంటే తలుపు మూయలేదు, ఒప్పుకున్నట్టే కదా. నాకేమో ఆ సిగ్గు తిక్కగా మారింది. డబ్బా లేని గిటారు నాకక్కర్లేదన్నాను. బావ తర్వాత కూడా రెండుసార్లు కబురు పంపాడు, నేను పోలేదు. సమ్మె రోజుల్లో వాళ్ళ పాటలు దూరంనుంచి విన్నాను. రాష్ట్రం వచ్చిననాడు ఊరంతా రంగులు చల్లుకుంటూ బావ డప్పు వెనక నడిచింది, నేను డ్యూటీ మార్చుకునే వీలున్నా మార్చుకోకుండా కూర్చుని దీపాలిచ్చాను. చాలా ఏళ్ళు బావే నన్ను రానివ్వలేదని చెప్పుకు తిరిగాను గానీ, పోనిది నేనే.

ఆదివారం సర్దడానికి వదిన కూడా వచ్చింది. అన్న క్షేమంగా రిటైరై ఇంటిపట్టునే ఉంటున్నాడు. మా గని మూతపడింది, నేను ఇంకో గనికి మారాను, ఈ క్వార్టర్ వదిలేస్తున్నది అందుకే. వదిన నా చేతిలో డబ్బా చూసి, ఎర్రచుక్కలు చూసి, తన సీసా అప్పుడు ఏమైందో ఇప్పుడు తెలిసిందని నవ్వింది. ఇంకో దుప్పటి చేతిలోకి తీసుకుంటూ, "ఒక్కసారి గా సప్పుడు పెట్టరాదు తమ్మీ," అంది.

చిలుము గీకి, కొత్త బ్యాటరీ వేసి, మూలనున్న పాత గిటారుకూ స్పీకరుకూ తగిలించి, నాబ్‌లను చుక్కలకు సరిపెట్టి తీగ మీటాను. హోరు దిగుతూ దిగుతూ వచ్చింది. వదిన మడత పెడుతున్న దుప్పటి అలాగే పట్టుకుని తలుపు వైపు చూసింది. అది మళ్ళీ పైకి లేచాక దుప్పటి మడత పూర్తి చేసి, ఇంకొంచెం సేపు ఉండనిమ్మంది.

గని మూసిననాడు నేను గేటు బయటే ఉన్నాను. ఆ హోరు సరిగ్గా ఇలాగే, మెల్లగా, పైనుంచి కిందికి దిగుతూ పోయి ఆగింది. లోపల ఎవరూ లేరని అందరికీ తెలుసు గనక, డబ్బా చప్పుడుకు చెప్పులు వదిలేసి పరుగెత్తినవాళ్ళు అసలు ఫ్యాను ఆగిననాడు ఒక్కరూ గేటు దాకా రాలేదు.