భయాన్ని దాచుకోని మనిషి

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను. పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగకముందే, నేను చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి చూసుకుంటాను. వేలు తీశాక చర్మం మామూలుగా లేస్తే ఆ రోజుకి బతికినట్టు. సొట్ట అలాగే ఉండిపోతే కాళ్లకి నీరు దిగినట్టు. ఇంటింటా కిడ్నీ జబ్బు ఉన్న మా ఉద్దానంలో కాళ్లకి నీరు దిగిందంటే ఆ తర్వాతి మాట ఎవరూ పైకి అనరు. నాకింకా పాతికేళ్లు నిండలేదు. ఈ వయసులో ఇదేం భయమని నవ్వుతారని అమ్మకి కూడా చెప్పలేదు. చెప్పకుండానే కనిపెట్టిన మనిషి ఒక్కరే. ఆయన గత శుక్రవారం తెల్లవారుజామున పలాసలో, ఆసుపత్రి మంచం మీద కన్నుమూశారు.

ఆయన పేరు లోకనాథం. మా తాతయ్యకి తమ్ముడు, నాకు చిన్నతాతయ్య. కబురు ఫోన్లో విన్నప్పుడు పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. పాలు పొంగిపోయి మంట ఆరిపోయినా అక్కడే నిలబడిపోయాను. రెండేళ్లుగా ఈ కబురు వస్తుందేమోనని ఫోను మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడుతూనే ఉన్నాను. అంత భయపడినదాన్ని కదా, ముందే సిద్ధపడి ఉంటాననుకున్నాను. అదేమీ అక్కరకు రాలేదు.

పూండి దగ్గర మా ఊళ్లో ఆయనకి జీడితోట, కొబ్బరితోట ఉన్నాయి. ఎత్తయిన మనిషి. గొంతెత్తి పిలిస్తే పక్క తోటల్లో కూలీలు కూడా పలికేవారు. తుఫాను వచ్చి కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచిపోతున్న రోజున ఆ గాలిలో పశువుల కట్లు విప్పడానికి వెళ్లిన మనిషి ఆయన. అటువంటాయన ఒక్క జబ్బు పేరు చెబితే తెల్లబోయేవారు. కారణం ఉంది. మా తాతయ్య కిడ్నీ జబ్బుతోనే పోయారు. పలాసలో డయాలసిస్ లేని కాలంలో అన్నగారిని రైల్లో విశాఖపట్నం తీసుకెళ్లి తీసుకొచ్చింది చిన్నతాతయ్యే. ఆ జబ్బు మనిషిని ఎలా తింటుందో మొదటి నుంచి చివరిదాకా చూశారు. తర్వాత తన వంతే అనుకున్నారు.

ఎందుకొస్తుందో ఎవరికీ కచ్చితంగా తెలియని జబ్బు కనుక ఆయన అందరి మాటా విన్నారు. జనం నీళ్ల వల్లన్నారు, మా బావి నీళ్లు మానేసి రావివలస నుంచి క్యాన్లు తెప్పించుకున్నారు. పెళ్లిళ్లకి కూడా సొంత నీళ్ల సీసా చంకలో పెట్టుకుని వెళ్లేవారు. మందు బిళ్లలన్నారు, తలనొప్పికి తలగుడ్డ బిగించుకుని పడుకున్నారే తప్ప బిళ్ల వేసుకోలేదు. ఉప్పన్నారు, ఆవకాయ జాడీ వైపు చూడడం మానేశారు. ఆయన భార్య, మా చిన్నమామ్మ, విసిగిపోయేది.

"సావు బయ్యంతో ఒక్కోటీ మానీసి మానీసి ఆకరికి ఆకలితో పోతావు నువ్వు!"

"పోతే పోతానే. లోకనాథం కిడ్నీతో పోనేదని ఊరంతా సెప్పుకుంటారు."

పేపరు వస్తే ముందు శ్రద్ధాంజలి ఫొటోలు చూసేవారు. పోయినవాళ్ల వయసు తన వయసు కంటే ఎక్కువైతే ఆ పూట కాఫీ రుచిగా ఉండేది. తక్కువైతే పేపరు మడిచి పీట కింద పెట్టేసేవారు.

ఇంత జాగ్రత్తపడిన మనిషి ఒక్కసారి కూడా రక్తం పరీక్ష చేయించుకోలేదంటే బయటివాళ్లు నమ్మకపోవచ్చు. మా ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోరు. కాగితం మీద అంకె పడనంతకాలం జబ్బు లేనట్టేనని ఇక్కడ సగం మంది లోలోపల అనుకుంటారు. వైద్యుల వ్యాను బడి దగ్గర ఆగిందని తెలిస్తే చాలు, చిన్నతాతయ్య పెరటి దారిన జీడితోటలోకి వెళ్లిపోయేవారు. వ్యాను కదిలాకే తిరిగొచ్చేవారు.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని కాలు నొక్కి చూసుకుంటున్నాను. ఆ రోజు సొట్ట వెంటనే పోలేదు. మళ్లీ నొక్కాను. తల ఎత్తేసరికి పనసకాయ భుజాన పెట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. కాయ దించి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చారు.

"ఒలే గుంటా, ఇయ్యాల బడికాడ రగతం తీస్తన్నారంట. నాకు సూదంటే బయ్యం. ఒక్కడినీ ఎల్లనేను. తోడు రా."

నేను నోరు తెరిచి ఏదైనా అడగగలిగే రకం కాదు. చెప్పులేసుకుని వెనకే నడిచాను. వరసలో ఆయన్ని చూసి జనం మాటలు ఆపేశారు. వరసకి బావ అయ్యే ముసలాయన ఒకరు మాత్రం ఊరుకోలేదు.

"ఏటి బావా, దారి తప్పొచ్చీసేవా? తోట అటేపు కదా!"

"తోటలో సూదులేసీవోళ్లు నేరంట. అందుకే ఇటొచ్చాను."

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నా భుజం గట్టిగా పట్టుకుని వదల్లేదు. మా వంతు వచ్చినప్పుడు, "ఎలాగూ వచ్చినావు కదా, ముందు నువ్విచ్చీ. నొప్పెడతాదో నేదో సూసి సెప్పు" అన్నారు.

ఫలితాలు కూడా అదే బడి వరండాలో ఇచ్చారు. ముందు నాది చదవమన్నారు. చదివాను. అంతా బాగానే ఉంది. "మళ్లీ సదువు" అన్నారు. మళ్లీ చదివాను. గట్టిగా ఊపిరి వదిలి, మడత విప్పకుండానే తన కాగితం నా చేతికిచ్చారు.

"నువ్వు సూడు. నాకు సెప్పకు. మొకం నా వేపు తిప్పకు."

నేను గోడ వైపు తిరిగి చూశాను. ఎంతసేపు చూసినా అంకె మారలేదు. అలా గోడకేసి చూస్తూ నిలబడిపోయిన నన్ను చూసే ఆయనకి అర్థమైపోయింది. వెనక నుంచి, "పద, ఎండెక్కుతంది" అన్న మాట వినిపించింది.

ఆ తర్వాత పలాసలో డయాలసిస్. నేను అక్కడే ఒక ప్రైవేటు బళ్లో పని చేస్తున్నాను కనుక సాయంత్రాలు వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. ఏదైనా చదివి వినిపించమనేవారు. నా గొంతు పక్క మంచానికి కూడా వినిపించదు. "గట్టిగా సదువే, మిసనీ నీకంటే గట్టిగా సదువుతంది" అని కసిరేవారు. ఒకరోజు పుస్తకం మూయించి అడిగారు.

"సచ్చిపోయాక ఏటవుతాదే?"

"ఏ పుస్తకంలోనూ సరిగ్గా రాయలేదు తాతా."

"అయితే మరి ఇన్నెందుకు సదివినావే?"

పక్క మంచం మీద కొబ్బరి పీచు తీసే పనికి వెళ్లే ఒకామె ఉండేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఈ మాటకి ఆమె మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే ఏడుస్తూ, "నాకూ బయ్యంగానే ఉంటాది నాయినా. ఇంటికాడ పిల్లలు జడుసుకుంటారని సెప్పను" అంది. "నాకు సెప్పు. నాను నీకు సెప్తాను" అన్నారు చిన్నతాతయ్య. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ ఏ పూట ఎంత భయమేసిందో ఒకరికొకరు చెప్పుకునేవారు, వానల గురించి చెప్పుకున్నట్టు. సూది గుచ్చే ముందు ఆయన కళ్లు గట్టిగా మూసుకోవడం మాత్రం చివరిదాకా మానలేదు.

ధైర్యంగా పోయారని ఎవరైనా ఆయన గురించి అంటే అది నిజం కాదు. ఆయన చాలా భయపడ్డారు. నా భయాన్ని చూసిన రోజున మాత్రం ఆ భయంతోనే, నా భుజం పట్టుకుని, నాతో పాటు వరసలో నిలబడ్డారు. మా ఇంట్లో పెద్దలున్నారు, ప్రేమగల వాళ్లున్నారు. ఇక ముందు నా మొహం చూడకుండానే విషయం తెలుసుకునే మనిషి లేరు. ఆయన పాదాలకి నేను పెట్టగలిగిన దండం ఇన్నాళ్లూ దాచుకున్నది దాచకుండా రాయడమే.

గురువారం సాయంత్రం వెళ్లేసరికి ఆయనకి ఆయాసంగా ఉంది. చదవొద్దన్నారు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆఖరి బస్సు వేళయిందని చిన్నమామ్మ నన్ను లేపింది. నేను లేస్తుంటే ఆయన కళ్లు తెరిచారు.

"బయ్యం తగ్గిందా తాతా?" అని అడిగాను.

"తగ్గనేదే. అబద్దమెందుకు? నువ్వొచ్చి కూకుంటే అది కూసింత పక్కకి జరుగుతాది, అంతే. రేపు బేగి రా."